రాని మనిషిని వెతుక్కుంటూ: బిలాస్‌పూర్ రైలు పట్టణంలో, చుట్టుపక్కల పల్లెల్లో ప్రజాసమూహాలు

ఛత్తీస్‌గఢ్‌లో అర్పా నది ఒడ్డున ఉన్న బిలాస్‌పూర్‌కు ఆ పేరు బిలాసా అనే జాలరి స్త్రీ వల్ల వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. ఆ పాత ఊరి పక్కనే రైలు కట్టిన ఊరు ఇంకొకటి ఉంది. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ నాగ్‌పూర్ వైపు నుంచి తూర్పుకు పట్టాలు వేసుకుంటూ 1890 ప్రాంతంలో ఇక్కడికి చేరింది. కట్నీ వైపు లైను ఇక్కడే చీలడంతో ఊరు జంక్షనైంది. జంక్షనుతో పాటు యార్డు, షెడ్డు, ఆస్పత్రి, వాటి వెనక వరసలు వరసలుగా క్వార్టర్లు లేచాయి. కంపెనీ రైల్వే ప్రభుత్వపరమై, 1955లో ఆగ్నేయ రైల్వేలో భాగమై, 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే అనే కొత్త జోన్ మొదలైంది. దేశంలో ఎక్కువ బొగ్గు మోసే రైలు మార్గాల్లో ఈ జోన్‌వీ ఉన్నాయి. ఇంత పెద్ద యంత్రాంగం ఉన్న ఊళ్ళో, దాని చుట్టూ వరి పొలాలు, అడవి పల్లెలు ఉన్న జిల్లాలో, మామూలు జనం తమ ఆరోగ్యం కోసం, ఆటవిడుపు కోసం, తమ పండగల కోసం తామే కట్టుకున్న సమూహాల గురించి ఈ వ్యాసం. ప్రభుత్వ లెక్కల్లో ఇవి మూడు శాఖలు, మూడు పద్దులు. కాలనీలోనూ పల్లెలోనూ మాత్రం ఇవి తరచు ఒకే కమిటీ చేతికి, ఒకే నలుగురు మనుషుల చేతికి వచ్చి పడతాయి. అది కాకతాళీయం కాదు. మూడింటికీ పెట్టుబడి ఒకటే: ఒక మనిషి నాలుగు రోజులు కనిపించకపోతే ఎందుకు రాలేదో కనుక్కోవడానికి ఇంకొక మనిషి నడిచి వెళ్ళగలగడం. ఆ నడక సాగినచోట సమూహం బతికింది. అది ఆగినచోట భవనాలూ నిధులూ ఉన్నా పని జరగలేదు. బిలాస్‌పూర్ ఉదాహరణలు ఒక్కొక్కటీ ఇదే చూపిస్తాయి.

బిలాస్‌పూర్ స్టేషనుకు భారతీయ సాహిత్యంలో ఒక చోటుంది. 1918లో వచ్చిన ‘పలాతకా’ సంపుటిలో రవీంద్రనాథ్ ఠాకూర్ రాసిన ‘ఫాఁకి’ అనే కవిత ఇక్కడే నడుస్తుంది. జబ్బుపడ్డ భార్యను గాలి మార్పు కోసం రైల్లో తీసుకెళ్తున్న భర్త, రైలు మారడానికి ఈ స్టేషన్లో కొన్ని గంటలు ఆగాల్సి వస్తుంది. అక్కడ ఒక రైల్వే కూలీ భార్య తన కష్టం చెప్పుకుని ఇరవై ఐదు రూపాయలు అడుగుతుంది. ఇమ్మని భార్య అంటుంది. భర్త ఆమెకు తెలియకుండా రెండు రూపాయలిచ్చి పంపేస్తాడు. ఆ కాలపు ఆరోగ్య వ్యవస్థ అంతా ఆ ప్లాట్‌ఫాం మీద కనిపిస్తుంది. స్తోమతు ఉన్నవాళ్ళు ఆరోగ్యాన్ని రైలెక్కి వెతుక్కునేవారు. రైలు నడిపించే కూలీల ఇంటివాళ్ళకు ఆ దారి లేదు. వాళ్ళకు దిక్కు పక్కింటివాళ్ళే.

రైల్వే ఏమీ చెయ్యలేదని దీని అర్థం కాదు. ఉద్యోగికి ఆస్పత్రి, పిల్లలకు బడి, సాయంత్రానికి ఇన్‌స్టిట్యూటు, ఆడుకోవడానికి మైదానం అన్నీ ఇచ్చింది. రైల్వే ఇన్‌స్టిట్యూట్ అనేది ఈ దేశపు చిన్న ఊళ్ళకు రైలు తెచ్చిన ఒక విలక్షణమైన ఏర్పాటు. స్థలం, భవనం రైల్వేవి. సభ్యత్వ రుసుము ఉద్యోగులది. కమిటీని సభ్యులే ఎన్నుకుంటారు. బ్రిటిష్ కాలంలో రైల్వే పట్టణాల్లో యూరోపియన్ ఇన్‌స్టిట్యూట్ వేరు, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ వేరు. ఆ గోడ పడిపోవడానికి స్వాతంత్ర్యం రావాల్సి వచ్చింది. బిలాస్‌పూర్‌లో నార్త్ ఈస్ట్ ఇన్‌స్టిట్యూట్ మైదానం ఇవాళ దసరాకు రావణ దహనం జరిగే చోటు. ఆటల విషయంలో ఈ పట్టణం సాధించినది చిన్నది కాదు. లెస్లీ క్లాడియస్ 1927లో ఇక్కడే ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో పుట్టాడు. ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తరఫున ఫుట్‌బాల్ ఆడుతున్న కుర్రాణ్ణి, 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ ఆడివచ్చిన డికీ కార్ హాకీ వైపు తిప్పాడు. ఆ కుర్రాడు 1948, 1952, 1956 ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు గెలిచిన జట్లలో ఉన్నాడు, 1960లో కెప్టెన్‌గా రజతం తెచ్చాడు. ఇక్కడ గమనించాల్సింది పతకాల కంటే ఆ మలుపు. మైదానం కంపెనీదే. కానీ ఈ పిల్లవాడి చేతికి ఏ ఆట నప్పుతుందో చూసినవాడు అదే మైదానంలో ఆడుతున్న తోటి మనిషి. ఆ చూపును ఏ కంపెనీ పద్దు రాసి పెట్టలేదు.

రైల్వే ఇచ్చినవాటికి ఒక హద్దుంది: అవి ఉద్యోగానికి కట్టుబడినవి. పదవీ విరమణ కాగానే క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. కాంట్రాక్టు కూలీకి క్వార్టరే లేదు. ఊరి నుంచి తెచ్చుకున్న తల్లికి, కాలనీలో పని వెతుక్కుంటున్న బావమరిదికి ఇన్‌స్టిట్యూట్ సభ్యత్వం లేదు. కాలనీ జీవితంలో సగం ఆ హద్దుకు అవతలే సాగుతుంది. సమూహాలు పుట్టింది అక్కడ.

వాటిలో తెలుగువాళ్ళవి ముఖ్యమైనవి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పశ్చిమాన నాగ్‌పూర్, తూర్పున కలకత్తా, దక్షిణాన వాల్తేరు మూలలుగా సాగిన సంస్థ. వాల్తేరు దాని కొస కాబట్టి నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల పల్లెల మనిషికి ఆ రైల్వేలో గ్యాంగు పనో, షెడ్డు పనో దొరకడం తేలికైంది. 1931లో విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు లైను పూర్తయ్యాక ఛత్తీస్‌గఢ్ ఇంకా దగ్గరైంది. ఇప్పటికీ కోర్బా నుంచి బిలాస్‌పూర్ మీదుగా విశాఖ వెళ్ళే రైలు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దాటుకుంటూ పోతుంది. బిలాస్‌పూర్ తెలుగు కుటుంబానికి అది పుట్టింటి బండి. ఈ వలసలో తెలుగువాళ్ళు బతుకుతెరువుతో పాటు సంఘం కట్టే అలవాటు కూడా నేర్చుకున్నారు. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల యూనియన్‌ను నిర్మించి, 1927లో ఖరగ్‌పూర్ కేంద్రంగా జరిగిన పెద్ద సమ్మెలో ముందు నిలిచాడు. ఆ తర్వాత ఆయన రాష్ట్రపతి కావడం అందరికీ తెలిసిందే. రైల్వే తెలుగువాడికి చందా పుస్తకం, కమిటీ, సర్వసభ్య సమావేశం అనేవి యూనియన్ ద్వారా చేతికొచ్చిన పనిముట్లు. అదే పనిముట్లతో అతను పండగ కమిటీ కూడా కట్టాడు. బిలాస్‌పూర్ ఆంధ్ర సమాజ్‌ను, ఖరగ్‌పూర్ నుంచి భిలాయ్ దాకా ఈ రైలు దారుల వెంట ఉన్న తెలుగు సంఘాలను ఈ దృష్టితో చూస్తే, అవి కేవలం ఊరి మీద బెంగతో పుట్టినవి కావని తెలుస్తుంది.

ఈ సంఘ జీవితానికి కంటికి కనిపించే రూపం రైల్వే ప్రాంతంలోని బారహ్ ఖోలీ దగ్గర జరిగే సోలాపురి మాత పూజ. ఖరగ్‌పూర్‌లోనూ ఇలాంటి మాతా పూజే తెలుగు కాలనీలకు ఏడాదిలో పెద్ద పండగ. పేరు ఏదైనా పద్ధతి ఉత్తరాంధ్ర అమ్మవారి పండగదే. పందిరి వేస్తారు, ఘటం నిలుపుతారు. రోజుల తరబడి ఘటం వీధుల వెంట కదులుతుంది. ఒక గుమ్మం దగ్గర నిలబడి చూస్తే సంగతి అర్థమవుతుంది. డప్పు వీధి మలుపులో వినపడగానే ఇంటి ఆడవాళ్ళు వాకిలి కడిగి ముగ్గు పెడతారు. ఇత్తడి బిందెలో పసుపు కలిపిన నీళ్ళు, వేప మండలు సిద్ధంగా ఉంటాయి. ఘటం ఎత్తుకున్న మనిషి గుమ్మం ముందు ఆగగానే ఆ నీళ్ళు కాళ్ళ మీద పోస్తారు. పిల్లల్ని ముందుకు తోసి తల వంచమంటారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో అయితే ఆ నీళ్ళ బిందెను ముర్రాట అంటారు, పండగ ముందు రాత్రిని తొలేళ్ళు అంటారు, అమ్మవారిని సాగనంపడం అనుపు. ఆ మాటలన్నీ ఎండలు ముదిరే కాలంలో వచ్చే జబ్బుల చుట్టూ అల్లుకున్నవి. మశూచి సోకితే ‘అమ్మవారు పోసింది’ అనడం, చికెన్‌పాక్స్‌ను ఆటలమ్మ అనడం మన భాషలో ఇంకా ఉంది. వేపాకు, పసుపు, వాకిలి కడగడం, రోగి ఉన్న ఇంటికి పరాయివాళ్ళు రాకుండా గుమ్మానికి మండ కట్టడం ఒక కాలపు ఆరోగ్య నియమాలు. పసుపునీళ్ళు రోగాన్ని ఆపుతాయని నేను అనను. మశూచిని ఆపింది టీకా. ఆ ఊరేగింపు చేసే పని వేరే ఉంది: ఏడాదికి ఒకసారి కాలనీలో ప్రతి గుమ్మాన్నీ ఎవరో ఒకరు పలకరించి, ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు మంచం పట్టారో, ఎవరు ఊరు విడిచి వెళ్ళారో చూసి రావడం. ఇలాంటి గడప గడప లెక్క ఏ ఆరోగ్య శాఖకైనా కావాల్సిందే.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: ఆస్పత్రి, మైదానం, పందిరి వేసుకునే నేల కూడా రైల్వేదే కదా, ఇందులో జనం కట్టుకున్నది ఏముంది? నేల రైల్వేది అన్నది నిజం. అయితే రైల్వే ఒకే రకం క్వార్టర్లు, ఒకే రకం ఇన్‌స్టిట్యూట్లు వందల స్టేషన్లలో కట్టింది. అన్ని చోట్లా ఇలాంటి జీవితం పుట్టలేదు. పైగా ఉద్యోగం అయిపోయి తోర్వా, హేమూనగర్ వంటి పక్క బస్తీలకు మారిన కుటుంబాలు ఆస్పత్రి కార్డు వంటివే రైల్వే నుంచి తీసుకెళ్తాయి. తక్కిన సంబంధాలు కమిటీ ద్వారానే నిలుస్తాయి. రెండో అభ్యంతరం బరువైనది. భాష పేరుతో కట్టిన సంఘం తలుపు తెరిచినట్టే ఉండి లోపల కులం లెక్క చూస్తుంది, ఆడవాళ్ళు పనిచేస్తారు, పదవులు మగవాళ్ళు పంచుకుంటారు అన్నది. ఇది అబద్ధమని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. తెలుగు సంఘాల కార్యవర్గాల పేర్లు ఎక్కడ చదివినా ఆ సంగతి కనబడుతూనే ఉంటుంది. ఘటం మాత్రం హిందీవాళ్ళ గుమ్మం ముందూ ఒడియావాళ్ళ గుమ్మం ముందూ ఆగుతుంది, వాళ్ళూ నీళ్ళు పోస్తారు. వీధి తెరిచిన తలుపును కార్యవర్గం ఇంకా తెరవలేదు. నడక దూరం అంటే గజాల లెక్క ఒక్కటే కాదన్నది ఇక్కడే తేలుతుంది. పక్క వీధిలో ఉన్నా కులం అడ్డొస్తే ఆ ఇల్లు దూరమే. పల్లెలకు వెళ్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

బిలాస్‌పూర్‌కు దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరంలో గనియారీ ఉంది. దానికి అవతల అచానక్‌మార్ అడవి, గోండు, బైగా పల్లెలు. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు డాక్టర్లు 1996లో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థను నమోదు చేయించి, నీటిపారుదల శాఖ వదిలేసిన భవనాల్ని బాగుచేసుకుని, 2000లో అక్కడ రోగుల్ని చూడడం మొదలుపెట్టారు. రైలు జంక్షనుకు ఇంత దగ్గర్లో ఉన్న పల్లెల ఒంటి స్థితి ఏమిటో వాళ్ళ లెక్కలు చెబుతాయి. 2013లో ప్రచురించిన అధ్యయనంలో 1,695 మంది క్షయ రోగుల బరువులు చూశారు. మధ్యస్థ బరువు మగవాళ్ళలో 42.1 కిలోలు, ఆడవాళ్ళలో 34.1 కిలోలు. ఎదిగిన ఆడమనిషి బరువు ముప్పైనాలుగు కిలోలు! ఇలాంటి చోట మందుల కంటే ముందు అన్నం గురించి మాట్లాడాలి. అన్నం గురించి మాట్లాడాలంటే ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో తెలిసిన మనిషి కావాలి. అందుకే ఆ సంస్థ ఊరే ఎంచుకున్న స్త్రీలకు, చాలామంది పెద్దగా చదువుకోనివాళ్ళకు, ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ ఇచ్చింది. క్షయకూ తిండికీ ఉన్న ముడిని తర్వాత అదే సంస్థాపకుల్లో కొందరు జార్ఖండ్‌లో పెద్ద ఎత్తున పరీక్షించారు. రోగి ఇంట్లో వాళ్ళకు నెలనెలా తిండి సరుకులిస్తే ఆ ఇంట్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గిందని 2023లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది.

ఈ పల్లెల్లో మలేరియా ప్రాణాంతకం. ప్రయోగశాల గనియారీలో ఉంది, జ్వరం అడవి పల్లెలో ఉంది. మధ్యలో వానాకాలపు బురద. దీనికి వాళ్ళు కనిపెట్టిన దారి ఎంతో సాదాది. కార్యకర్త వేలు గుచ్చి గాజు పలక మీద రక్తపు చుక్క పూసి, ఆరనిచ్చి, పేరు రాసి, దారిన పోయే బస్సు మనిషి చేతికిస్తుంది. బస్సు గనియారీలో ఆ పలక దించుతుంది. పరీక్ష ఫలితం తిరుగు బస్సులో వస్తుంది. బస్సు వాళ్ళకు ఆరోగ్య శాఖతో ఏ ఒప్పందమూ లేదు. రోజూ అదే దారిలో తిరుగుతారు, ఆ ఊళ్ళ మనుషుల్ని ముఖాలు చూసి గుర్తుపడతారు, అంతే. ఊళ్ళో నడిచి వెళ్ళే మనిషి ఒక కొసన ఉన్నందువల్ల ఇరవై, నలభై కిలోమీటర్ల అవతలున్న సూక్ష్మదర్శిని కూడా ఆ ఊరిదే అయింది. ఆ మనిషి లేకపోతే ఎంత మంచి ప్రయోగశాలైనా రోగి కోసం ఎదురుచూస్తూ కూచోవాల్సిందే.

అదే సంస్థ 2006లో మొదలుపెట్టిన ఫుల్వారీల దగ్గర కొంచెం ఆగాలి. పేరుకు పూలతోట, పనికి పసిపిల్లల ఇల్లు. అంగన్‌వాడీలో వేడి అన్నం మూడేళ్ళు దాటిన పిల్లలకు. అంతకంటే చిన్నవాళ్ళకు ఇంటికి తీసుకెళ్ళే పొడి పొట్లం. కానీ పోషణ దెబ్బతినేది ఆరు నెలలకూ మూడేళ్ళకూ మధ్యే, ఆ వయసులో తల్లి నాట్లకో కోతలకో పోతుంది. చంటిదాన్ని ఎత్తుకోవడానికి ఏడెనిమిదేళ్ళ అక్క బడి మానేస్తుంది. ఫుల్వారీలో ఊరి మనిషి ఒకామె పదిమంది వరకూ పసిపిల్లల్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసుకుంటుంది. పొద్దున సత్తు పిండి, మధ్యాహ్నం నూనె వేసిన కిచిడీ. పిల్లలు పాటలు వింటారు, ఒకరి మీద ఒకరు పడి ఆడుకుంటారు, నిద్రపోతారు. ఇది ఆరోగ్యమా, ఆటా, సంస్కృతా? అక్కడ వినిపించే పాట ఛత్తీస్‌గఢీ జోలపాట, తినేది ఊరి బియ్యం, బరువు తూచే తక్కెడ వైద్యశాస్త్రానిది. మూడు శాఖల వాళ్ళూ వచ్చి చూసినా ఏది ఎవరి పద్దులో రాయాలో తేల్చుకోలేరు. ఒక పిల్ల ఆ రోజు రాకపోతే ఆ ఆడమనిషి మధ్యాహ్నం లోపు ఆ ఇంటికి వెళ్ళి చూస్తుంది. అక్క మళ్ళీ బడికి పోవడం దీని కొసరు ఫలం. ఏ పోషణ పట్టికలోనూ దానికి గడి లేదు.

ఇదంతా పట్నం డాక్టర్లు పెట్టిన సంస్థ కదా, జనం సమూహం ఎలా అవుతుంది అనే ప్రశ్న ఉంది. సమూహాన్ని ఎవరు మొదలుపెట్టారు అన్నదాని కంటే రోజువారీ పని ఎవరి కాళ్ళ మీద నడుస్తోంది అన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వమే 2002లో మొదలుపెట్టిన మితానిన్ పథకం ఈ ప్రశ్నకు ఇంకా గట్టి ఉదాహరణ. అది పూర్తిగా సర్కారుది. అయినా దాని రూపకర్తలు రెండు నిర్ణయాలు సరిగ్గా తీసుకున్నారు. ఒకటి, పేరు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఇద్దరు ఆడపిల్లలు విధిపూర్వకంగా నేస్తం కట్టుకుంటే ఒకరికొకరు మితానిన్ అవుతారు. ఆ బంధం రెండు కుటుంబాలనూ చుట్టాలుగా మారుస్తుంది, కులం దాటి కూడా కుదురుతుంది. శ్రావణ మాసంలో గోధుమ మొలకలు పెంచి, రాఖీ మర్నాడు చెరువులో కలిపి, మిగిల్చుకున్న మొలకల్ని ఒకరి చెవిలో ఒకరు తురుముకుని ‘భోజలీ’ నేస్తాలు కావడం ఇలాంటి ఆచారాల్లో ఒకటి. ఆరోగ్య కార్యకర్తకు ఆ పేరు పెట్టడంతో ఆమెకు ఏ ప్రభుత్వ ఉత్తర్వూ ఇవ్వలేని చుట్టరికం దక్కింది. ఎంపికకు ముందు కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలతో, వేషాలతో సంగతి చెప్పాయి. రెండోది, కొలత. ఊరికి ఒకరు కాదు, ఊళ్ళోని ఒక్కొక్క పారాకు, అంటే వాడకు, ఒకరు. వాడల మధ్య కులం గీత ఉంటుంది. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆమె ఆ గీత దాటి ఇంకో వాడలోని కార్యకర్త తలుపు తట్టదు. అందుకే రాష్ట్రంలో మితానిన్‌ల సంఖ్య అరవై వేలు దాటింది. 2005లో దేశమంతటా వచ్చిన ఆశా పథకానికి ఇది ముఖ్యమైన నమూనా. కానీ అక్కడ వెయ్యిమంది జనాభాకు ఒకరు అనే లెక్క నిలిచింది, వాడ అనే కొలత మరుగున పడింది.

మితానిన్‌ల విషయంలో రెండు తప్పులు ఒప్పుకోవాలి. మొదట్లో ఇది పూర్తిగా జీతం లేని సేవ. తర్వాత పనికింత అని ముట్టజెప్పడం వచ్చింది. సేవాభావం పేరుతో పేద ఆడవాళ్ళ శ్రమను చౌకగా వాడుకున్నారనే విమర్శ సరైనదే, జీతం కోసం వాళ్ళు చేసిన సమ్మెలు న్యాయమైనవే. రెండోది ఘోరం. 2014 నవంబరు 8న బిలాస్‌పూర్ దగ్గర సకరీ సమీపంలోని పెండారీలో, వాడకంలో లేని భవనంలో, 83 మంది స్త్రీలకు కొన్ని గంటల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ రోజుల్లో జరిగిన శిబిరాల తర్వాత 13 మంది చనిపోయారు. అక్కడికి వాళ్ళను తీసుకెళ్ళినవాళ్ళలో మితానిన్‌లూ ఉన్నారు. పొరుగు మనిషి మీద నమ్మకమే ఆ ఆడవాళ్ళను అక్కడికి నడిపించింది. దీన్నిబట్టి నడక దూరపు సమూహాల వల్ల లాభం లేదని అనడం సులువు. నాకు తోచేది వేరు. పైనుంచి వచ్చే సంఖ్యా లక్ష్యానికి పొరుగు మనిషిని కట్టేస్తే, ఆమె కనుక్కునేది ‘ఎవరు రాలేదు’ అని కాక ‘ఇంకెంతమంది రావాలి’ అని అవుతుంది. చూడ్డానికి ఒకే ప్రశ్నలా ఉంటాయి. మొదటిది ఆమె వాడది, రెండోది పై ఆఫీసుది.

ఆరోగ్యం నుంచి కొంచెం పక్కకు జరిగి ఆటపాటల్ని చూద్దాం. దేవ్ ఉఠనీ ఏకాదశికి యాదవుల రౌత్ నాచా మొదలవుతుంది. గవ్వలు కుట్టిన చొక్కా, నెమలి ఈకల తలపాగా, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో డాలు, వెనక గడ్వా బాజా. ఒక మనిషి దోహా ఎత్తుకుంటాడు, చివరి మాట దగ్గర బాజా ఒక్కసారి విరుచుకుపడుతుంది, గుంపు కదులుతుంది. పల్లెల జట్లు బిలాస్‌పూర్‌కు వచ్చి బజారు చుట్టూ తిరగడం పాత ఆచారం. అప్పట్లో జట్లు ఎదురుపడితే కర్రలు నాట్యం మాని తలల మీద పడేవి. 1978 నుంచి నగరంలో కమిటీ కట్టి, లాల్ బహదూర్ శాస్త్రి పాఠశాల మైదానంలో పోటీగా జరుపుతున్నారు. జట్లకు వరస, సమయం, బహుమతి వచ్చాయి. పోటీ పెట్టడం వల్ల ఆచారం ప్రదర్శనగా మారిపోయిందని బాధపడేవాళ్ళున్నారు. ఆ బాధ అర్థమవుతుంది. అయితే ప్రతి ఏడూ తమ కుర్రాళ్ళు తలలు పగలకుండా ఇంటికి రావడం ఆ పల్లెల తల్లులకు ఎంత విలువైనదో కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆరోగ్యం అన్న మాట ఎక్కడా ఎత్తని ఈ కమిటీ కూడా ఊరి ఆరోగ్యానికి పనికొచ్చింది.

ఇదే రాష్ట్రంలో దక్షిణాన, భిలాయ్ ఉక్కుకు ఇనుప ఖనిజం తవ్విచ్చే దల్లీ రాజహరాలో, ఈ మూడూ ఎంత గాఢంగా కలవగలవో కనిపించింది. 1977 జూన్‌లో పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. శంకర్ గుహా నియోగీ నాయకత్వంలోని గని కార్మికుల యూనియన్ ఆ అమరుల పేర, కార్మికుల చందాలతో, వాళ్ళ సొంత చెమటతో ఆస్పత్రి కట్టింది. 1983 జూన్ 3న షహీద్ ఆస్పత్రి తెరిచారు. అదే యూనియన్ సారా మానిపించే ఉద్యమం నడిపింది, నవా అంజోర్ అనే సాంస్కృతిక దళం కట్టి పాటలు, నాటికలు ఆడించింది, బ్రిటిష్‌వాళ్ళను ఎదిరించిన వీర నారాయణ్ సింగ్ స్మారక దినాన్ని పండగ చేసింది. సారా మానమని డాక్టరు ఒక్కడూ చెప్పి ఉంటే ఎందరు వినేవారో గాని, పక్క గనిలో పనిచేసే మనిషి పాటలో చెబితే విన్నారు. 1991లో నియోగీ హత్య జరిగింది. ఆస్పత్రి ఆగలేదు. ఇలాంటి పనులు ఒక్క నాయకుడి ప్రతిభ మీదే నిలుస్తాయన్న అభ్యంతరానికి ఇది నేరుగా జవాబు.

దూరపు తోడు కూడా ఒకటి చెప్పుకోవచ్చు. పసిఫిక్ సముద్రంలోని హవాయి దీవుల్లో మూలవాసులు తమ నేల మీద తామే అల్పసంఖ్యాకులై, తమ తిండీ నాట్యమూ పోగొట్టుకుని, మధుమేహం, రక్తపోటులతో కుంగిపోయారు. 1989లో వైఅనాయె తీరంలో ఇరవై మంది మూడు వారాల పాటు చేమదుంప, చేప, ఆకుకూరల పాత తిండికి మారి చూశారు. బరువూ చక్కెరా దిగొచ్చాయి. ఆ తర్వాత హూలా నాట్యం మీదే పరీక్ష జరిగింది. రక్తపోటున్న 263 మందిలో సగం మందికి నాట్య గురువులు హూలా నేర్పారు. వాళ్ళకు పై రక్తపోటు మిగతావాళ్ళ కంటే ఎక్కువ తగ్గింది. పండగ, పాట వల్ల ఆరోగ్యం బాగుపడుతుందనేది భావుకుల మాట అనుకునేవాళ్ళకు ఈ ఫలితం చూపించవచ్చు. అక్కడ పనిచేసింది అడుగుల వ్యాయామం ఒక్కటే కాదని నాకు తోస్తుంది. వారం వారం గురువు ముందు తోటివాళ్ళతో నిలబడాలి, మానేస్తే వాళ్ళు అడుగుతారు. బారహ్ ఖోలీలో డప్పు విని వాకిలి కడిగే ఇంటికి ఈ సంగతి కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

ఇక మిగిలేది పెద్దది చెయ్యడం గురించిన ప్రశ్న. పది ఇళ్ళ మధ్య బాగా నడిచేదాన్ని జిల్లా అంతటికీ పాకిస్తే అది అదేగా ఉంటుందా? గనియారీ ఫుల్వారీలను చూసి రాష్ట్ర ప్రభుత్వం 2012లో సర్గుజా జిల్లాలో ఆ పథకం మొదలుపెట్టింది. చిన్నచిన్న కేంద్రాలుగానే ఉంచింది. వండటానికి, పిల్లల్ని చూడటానికి బయటి నుంచి ఉద్యోగిని తెచ్చిపెట్టలేదు. ఆ పారా తల్లులే వంతులు వేసుకుంటారు. పప్పు, నూనె, గుడ్లకు డబ్బు మాత్రం పైనుంచి వస్తుంది. ఆ డబ్బు ఆలస్యమైన నెలల్లో గిన్నెలు పలచబడతాయి, అది పైవాళ్ళు సరిచెయ్యాల్సిన లోపం. వంతుల జాబితా మాత్రం ఏ ఆఫీసులోనూ రాసి లేదు. రేపు పొయ్యి వెలిగించేది ఎవరో, ఆమెకు ఒంట్లో బాగాలేకపోతే ఎవరి తలుపు తట్టాలో ఆ వాడలో అందరికీ తెలుసు.